పాత ఎక్స్‌పీ డిస్కు, కొత్త బోర్డు, నీలి తెర: ఒక ప్రాజెక్టు డైరీ

ఆదివారం

తెనాలిలో మా మామయ్య ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీకి, అంటే పుస్తకాల పేజీలు కూర్చడానికి, వాడే కంప్యూటర్ ఆగిపోయింది. పెంటియం 4 ప్రాసెసర్, ఇంటెల్ 865 చిప్‌సెట్ ఉన్న బోర్డు, 40 జీబీ ఐడీఈ (డిస్కును బోర్డుకు కలిపే పాత పద్ధతి) హార్డ్ డిస్కు, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. పెట్టె విప్పి చూస్తే ప్రాసెసర్ పక్కన వరుసగా ఉన్న కెపాసిటర్ల నెత్తి ఉబ్బింది. రెండింటి అడుగు నుంచి గోధుమ రంగు జిగురు కారి ఎండిపోయింది. ఆ కాలపు బోర్డులు చాలా ఇలాగే పోయాయి. కెపాసిటర్లు మార్చి కొంతకాలం నడిపించవచ్చు కానీ, పక్కన ఉన్న చిన్న భాగాలు ఇంకెంతకాలం నిలుస్తాయో నమ్మకం లేదు. బోర్డును వదిలేసి డిస్కును కాపాడుకోవాలని నిర్ణయించాం.

డిస్కు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అందులో ఉన్నవి మామూలు ఫైళ్లు కావు. ఈ చుట్టుపక్కల ఊళ్ల కవుల పుస్తకాలు, ఆలయాల స్థల పురాణాలు, పాఠశాలల వార్షిక సంచికలు అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం 6.5లో, ఆ తర్వాత 7.0లో కూర్చినవి. వాటిలో చాలా పుస్తకాలకు అచ్చు ప్రతులు రచయితల ఇళ్లలో కూడా మిగిలి లేవు. ఫైలు ఉంది కదా అంటే, యూనికోడ్‌కు ముందునాటి ఫైలు దానంతటది తెలుగు కాదు. లోపల ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలు. ఆనాటి ఫాంటు ఉంటేనే అవి తెలుగుగా కనిపిస్తాయి. తలకట్టు ఒక సంకేతం, వత్తు ఒక సంకేతం, గుడి ఒక సంకేతం. ఫాంటు విడుదల మారితే వత్తులు పక్కకు జరుగుతాయి, పంక్తులు విరిగే చోటు మారుతుంది, చివరికి పేజీల లెక్కే మారిపోతుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి పరికరాలు ఉన్నాయి. కానీ మారిన పాఠం సరిగ్గా ఉందో లేదో పోల్చి చూడాలంటే అసలు పేజీ అసలు రూపంలో కళ్ల ముందు ఉండాలి.

ఆ ఫాంట్ల ప్యాకేజీ పారలల్ పోర్టుకు (పాత ప్రింటర్ల సాకెట్‌కు) తగిలించే డాంగిల్, అంటే తాళంచెవిలాంటి చిన్న పరికరం, ఉంటేనే పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన సీడీ గీతలు పడి చదవడం మానేసింది. అంటే ఎక్స్‌పీని కొత్తగా వేసుకుని మళ్లీ మొదలుపెట్టే దారి మూసుకుపోయింది. ఉన్న సిస్టమ్‌ను ఉన్నట్టుగానే ఇంకో యంత్రం మీద లేపాలి.

వర్చువల్ మెషిన్‌లో, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో, పెట్టేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. చదివి చూసుకోవడానికి అది చాలు. కానీ డాంగిల్ కోసం ఆ సాఫ్ట్‌వేర్ పోర్టును నేరుగా తడిమి చూస్తుంది. రోజూ పని జరగాల్సిన చోట మధ్యలో ఇంకో పొర పెట్టుకుని దాని మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

అదే రోజు, సాయంత్రం

డిస్కును యూఎస్‌బీ అడాప్టర్‌తో లైనక్స్ లాప్‌టాప్‌కు కలిపి డీడీరెస్క్యూతో పూర్తి ప్రతి తీశాను. పాత డిస్కుతో ఏ పని పెట్టుకున్నా ముందు ఇదే చేయాలి. మామూలు డీడీ చెడిన సెక్టార్ దగ్గర ఆగిపోతుంది. డీడీరెస్క్యూ దాన్ని దాటేసి మిగతాదంతా చదివేసి, చివర్లో మళ్లీ ఆ చెడిన చోటికి వచ్చి ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఒక చోట డిస్కు టకటకమని కొట్టుకుంది కానీ చివరికి అన్నీ చదివింది. అసలు డిస్కును కవరులో పెట్టి మామయ్యకు ఇచ్చేశాను. ఇక మీదట పనంతా ప్రతుల మీదే.

కొత్త యంత్రం అంటే నిజానికి కొత్తది కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్. ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్. దీన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. వెనుక వైపు అసలైన పారలల్ పోర్టు ఉంది, పీఎస్/2 కీబోర్డు సాకెట్ ఉంది, ఈ తరం చిప్‌సెట్‌కూ గ్రాఫిక్స్‌కూ ఎక్స్‌పీ డ్రైవర్లు ఉన్నాయి. పారలల్ పోర్టు కోసం విడిగా పీసీఐ కార్డు పెట్టుకోవచ్చు గానీ, దాని చిరునామా వేరేగా వస్తుంది. పాత డాంగిల్ సాఫ్ట్‌వేర్లు 378 అనే పాత చిరునామా దగ్గరే వెతుకుతాయి.

ప్రతిని ఒక చిన్న ఎస్ఎస్‌డీ మీదకు ఎక్కించి పెట్టెలో బిగించాను. స్విచ్ వేశాను. విండోస్ బొమ్మ వచ్చింది, కింద నీలి గీత ఒకసారి కదిలింది, తెర నీలంగా ఒక్క క్షణం మెరిసింది, యంత్రం మళ్లీ మొదటికి వచ్చింది. ఎన్నిసార్లు వదిలేసినా అదే చుట్టు.

సోమవారం రాత్రి

ఆ నీలి తెర మీద ఏముందో చదవకుండా ఏ మందూ వేయకూడదు. యంత్రం లేస్తుండగా ఎఫ్8 నొక్కితే వచ్చే జాబితాలో, సిస్టమ్ విఫలమైనప్పుడు తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆపే ఎంపిక ఒకటుంది. అది ఎంచుకుంటే తెర నిలిచింది. స్టాప్ 0000007బి. బ్రాకెట్లలో నాలుగు సంఖ్యలు: మొదటిది మెమరీలో ఒక చిరునామా, రెండోది సి0000034, మిగతా రెండూ సున్నాలు.

7బి అంటే బూట్ కావాల్సిన పరికరం అందడం లేదని. రెండో సంఖ్యను చాలామంది పట్టించుకోరు, అసలు కబురు ఉండేది అక్కడే. సి0000034 అంటే ఆ పేరుతో వస్తువు ఏదీ దొరకలేదని. డిస్కులో చదవలేని భాగం ఉందని కాదు, ఫైల్ సిస్టమ్ చెడిందని కాదు. విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దృష్టిలో ఆ డిస్కు అసలు లేనే లేదు.

తర్వాత సేఫ్ మోడ్‌లో చూశాను. నల్ల తెర మీద లోడ్ అవుతున్న ఫైళ్ల పేర్లు గబగబా దొర్లి, చివర ఎంయూపీ.సిస్ దగ్గర ఆగాయి. ఆ తర్వాత నీలి తెర. ఎక్స్‌పీ కాలంలో ఈ ఎంయూపీ.సిస్ మోసినన్ని నిందలు ఇంకే ఫైలూ మోసి ఉండదు. పేరు చివర కనిపించింది కాబట్టి తప్పు దానిదే అనుకుని దాని పేరు మార్చినవాళ్లు, తొలగించినవాళ్లు ఎందరో. దానికి ఈ గొడవతో ఏ సంబంధమూ లేదు. లోడ్ కావాల్సిన జాబితాలో అది ఆఖరిది, అంతే. ఆ పేరు తెర మీద కనిపించిందంటే అక్కడిదాకా అంతా సవ్యంగా జరిగిందని అర్థం.

ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే సమస్య మొత్తం ఈ సందులోనే ఉంది.

ఎక్స్‌పీ లేచేటప్పుడు మొదటి సగం బయోస్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) భుజాల మీద నడుస్తుంది. ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న ప్రోగ్రాం బూట్.ఐఎన్ఐ చదువుతుంది, కెర్నల్‌ను, హాల్‌ను (కెర్నల్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య పొర), విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలోని సిస్టమ్ హైవ్ అనే ఫైలును, బూట్ సమయానికే కావాల్సిన డ్రైవర్లను వరుసగా మెమరీలోకి తెస్తుంది. ఇదంతా బయోస్ ఇచ్చే ఇంటరప్ట్ 13 సేవతోనే. ఏ డిస్కు కంట్రోలర్ ఉందో ఎన్‌టీఎల్‌డీఆర్‌కు తెలియదు, తెలియనక్కర్లేదు. బయోస్‌కు తెలిస్తే చాలు. అందుకే పేర్లన్నీ చక్కగా దొర్లాయి. ఆఖరి పేరు పడ్డాక పగ్గాలు కెర్నల్ చేతికి వస్తాయి. ఆ క్షణం నుంచి బయోస్ సాయం లేదు. కెర్నల్ సొంతంగా పీసీఐ బస్సును తడిమి, కంట్రోలర్‌ను గుర్తుపట్టి, దానికి తగిన డ్రైవర్‌ను జతచేసి, ఆ డ్రైవర్ ద్వారా డిస్కును మళ్లీ కనుక్కోవాలి. ఆ డ్రైవర్ డిస్కు మీద ఎక్కడో ఫోల్డరులో ఉంటే లాభం లేదు, డిస్కు ఇంకా అందుబాటులో లేదు కదా. ఎన్‌టీఎల్‌డీఆర్ ముందుగా మోసుకొచ్చిన వాటిలోనే అది ఉండాలి. ఏ కంట్రోలర్‌కు ఏ డ్రైవరో కూడా అప్పటికే రిజిస్ట్రీలో రాసి ఉండాలి.

మన పాత బోర్డు మీద కంట్రోలర్ ఐడీఈ రకం. దానికి ఇంటెల్‌ఐడీఈ, అటాపీ డ్రైవర్లు సరిపోయాయి. కొత్త యంత్రంలో కంట్రోలర్ ఏహెచ్‌సీఐ రకం, అంటే శాటా డిస్కుల కోసం తర్వాత వచ్చిన ప్రమాణం. 2001 అక్టోబరులో ఎక్స్‌పీ వచ్చేనాటికి ఏహెచ్‌సీఐ అనే ప్రమాణమే లేదు. మైక్రోసాఫ్ట్ తనవైపు నుంచి ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను విండోస్‌తో పాటు ఇచ్చింది విస్టా నుంచే. ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టమని అడిగేది అందుకే.

మామూలుగా బయోస్ సెటప్‌లో శాటా మోడ్‌ను ఐడీఈకి మారిస్తే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది. ఈ పెట్టె బయోస్‌లో ఏహెచ్‌సీఐ, రెయిడ్ తప్ప మూడో ఎంపిక లేదు. కాబట్టి ఎక్స్‌పీకే ఏహెచ్‌సీఐ నేర్పాలి, అదీ అది నిద్రలో ఉండగానే.

మంగళవారం

ముందు కంట్రోలర్ ఎవరో ఖాయం చేసుకోవాలి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో పెట్టెను లేపి, బోర్డు మీది పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐతో చూశాను. 00:1ఎఫ్.2 స్థానంలో శాటా కంట్రోలర్, తరగతి 0106, గుర్తింపు 8086:1సి02. ఇందులో 8086 ఇంటెల్ సంఖ్య, 1సి02 ఆ కంట్రోలర్ నమూనా సంఖ్య. తరగతి సంఖ్య కూడా ముఖ్యమే: 0101 అయితే ఐడీఈ, 0104 అయితే రెయిడ్, 0106 అయితే ఏహెచ్‌సీఐ. బయోస్‌లో మోడ్ మారిస్తే అదే చిప్ వేరే నమూనా సంఖ్యతో, వేరే తరగతితో కనిపిస్తుంది. అందుకే చిప్‌సెట్ పేరు చూసి డ్రైవర్ ఎంచుకోవడం కన్నా ఈ సంఖ్యలు చూసి ఎంచుకోవడం మేలు.

తర్వాత డిస్కు ప్రతిలోని రిజిస్ట్రీని తెరిచాను. విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, దాని కింద కాన్ఫిగ్, అందులో సిస్టమ్ అనే ఫైలు. లైనక్స్‌లో దీన్ని చదవడానికి, రాయడానికి హైవెక్స్ పరికరాలు ఉన్నాయి. విండోస్ నడుస్తున్నప్పుడు కనిపించే కరెంట్‌కంట్రోల్‌సెట్ ఈ ఫైలులో ఉండదు. కంట్రోల్‌సెట్001, 003 వంటివి ఉంటాయి. వాటిలో ఏది ఇప్పుడు చెల్లుబాటులో ఉందో సెలెక్ట్ అనే కీ కింద కరెంట్ అనే విలువ చెబుతుంది. ఇక్కడ అది 1. కాబట్టి రాయాల్సింది 001లో.

అందులో చూడాల్సిన చోట్లు రెండు. మొదటిది సర్వీసెస్: ప్రతి డ్రైవర్‌కూ అక్కడ ఒక కీ, అందులో స్టార్ట్ అనే విలువ. 0 అయితే ఎన్‌టీఎల్‌డీఆర్ దాన్ని ముందే మోసుకొస్తుంది. 1 నుంచి 3 దాకా ఉన్నవి ఆ తర్వాత లేస్తాయి, 4 అయితే లేవనే లేవదు. రెండోది కంట్రోల్ కింద క్రిటికల్‌డివైస్‌డేటాబేస్: ఏ గుర్తింపు సంఖ్య ఉన్న పరికరానికి ఏ సర్వీసు అన్న జాబితా. విండోస్ పూర్తిగా లేచాక అయితే ఐఎన్ఎఫ్ ఫైళ్లు (డ్రైవర్ ఎలా పెట్టాలో చెప్పేవి) వెతుక్కుని కొత్త పరికరానికి డ్రైవర్ పెట్టుకోగలదు. డిస్కే అందని సమయంలో ఆ వెతుకులాట కుదరదు కాబట్టి, ప్రాణాధారమైన పరికరాల కోసం ఈ చిన్న జాబితా పెట్టారు.

జాబితాలో పాత బోర్డు ఐడీఈ కంట్రోలర్ 8086:24డిబి ఉంది, పక్కనే ఇంటెల్‌ఐడీఈ అని ఉంది. 1సి02 లేదు. ఊహించినదే, కానీ కళ్లతో చూడటం వేరు.

బుధవారం, గురువారం

అసలు పెట్టె మీద ప్రయోగాలు చేయకుండా ముందు వర్చువల్ మెషిన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఇదే జబ్బును తెప్పించాను. ఇది ఈ ప్రాజెక్టులో నాకు బాగా ఉపయోగపడిన పని. వర్చువల్‌బాక్స్ శాటా కంట్రోలర్ తనను తాను ఇంటెల్ ఐసీహెచ్8ఎం ఏహెచ్‌సీఐగా, 8086:2829 అనే సంఖ్యతో పరిచయం చేసుకుంటుంది. దానికీ ఎక్స్‌పీలో డ్రైవర్ లేదు. డిస్కు ప్రతిని వీడీఐగా (వర్చువల్‌బాక్స్ వాడే డిస్కు ఫైలుగా) మార్చి, శాటాకు తగిలించి, ఆ స్థితిని స్నాప్‌షాట్‌గా దాచి లేపితే, అదే 7బి, అదే సి0000034. రోగం చేతికి చిక్కింది. ఇక ఒక్కో మార్పూ విడివిడిగా చేసి, ఏది దేనికి పనికొస్తుందో చూడవచ్చు. తేడా వస్తే స్నాప్‌షాట్‌కు వెనక్కి పోవడమే.

ఒక జాగ్రత్త. వర్చువల్ మెషిన్ అమరికల్లో ఐఓ ఏపిక్ (పరికరాల ఇంటరప్ట్‌లను ప్రాసెసర్లకు చేర్చే భాగం) అనే ఎంపికను ఆన్ చేయాలి. పాత పెంటియం 4లో హైపర్‌థ్రెడింగ్ ఉండేది కాబట్టి ఈ ఎక్స్‌పీలో ఉన్నది మల్టీప్రాసెసర్ హాల్. హాల్.డీఎల్‌ఎల్ లక్షణాల్లో అసలు పేరు హాల్‌ఎంఏసీపీఐ అని చూసి ఖాయం చేసుకున్నాను. దానికి ఏపిక్ లేకపోతే వేరే రకం గొడవ వచ్చి, అసలు సమస్యతో కలగాపులగం అవుతుంది. కొత్త పెట్టెలో ప్రాసెసర్‌కు రెండు కోర్లు, కాబట్టి అక్కడ కూడా ఈ హాల్ నప్పుతుంది.

డ్రైవర్ ఇంటెల్‌ది, ఐఏస్టోర్.సిస్. 2829 కోసం మ్యాట్రిక్స్ స్టోరేజ్ మేనేజర్ 8.9 విడుదలలోని ఎఫ్6 ఫ్లాపీ ఫైళ్లు తీసుకున్నాను, 32 బిట్‌లవి. ఆ ఫ్లాపీలో ఉండే టెక్స్ట్‌సెటప్.ఓఈఎం అనే ఫైలును ఎవరైనా ఒకసారి తెరిచి చదవాలి. మామూలు టెక్స్ట్ ఫైలే. ఎక్స్‌పీ ఇన్‌స్టాలర్ ఏం చేయాలో మొత్తం అందులో రాసి ఉంటుంది: ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి, సర్వీసు కీలో టైప్ 1, స్టార్ట్ 0, ఎర్రర్‌కంట్రోల్ 1, గ్రూప్ ఎస్‌సీఎస్ఐ మినీపోర్ట్ అని రాయాలి, ఏయే గుర్తింపు సంఖ్యలకు ఐఏస్టోర్ పెట్టాలి. ఇన్‌స్టాలర్ చేసేదాన్నే మనం బయటి నుంచి చేతితో చేస్తున్నాం. గూగుల్‌లో దొరికే అరకొర రిజిస్ట్రీ ఫైళ్ల కన్నా, డ్రైవర్ తయారీదారే రాసిన ఈ ఫైలు నమ్మదగినది.

మొదటి ప్రయోగం: ఐఏస్టోర్.సిస్‌ను డ్రైవర్స్ ఫోల్డరులో పెట్టి, సర్వీసెస్ కింద కీ మాత్రమే రాశాను. రెండో జాబితా ముట్టుకోలేదు. సేఫ్ మోడ్‌లో చూస్తే దొర్లే పేర్లలో ఐఏస్టోర్.సిస్ స్పష్టంగా కనిపించింది. అయినా 7బి, అదే సి0000034.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డ్రైవర్ లోడ్ అయింది కదా, మరి ఎందుకు పనిచేయదు, డ్రైవరే తప్పుదేమో అని ఇంకో విడుదల కోసం వెతుకుతారు. డ్రైవర్ మెమరీలోకి రావడం వేరు, ఫలానా కంట్రోలర్ నీదే అని దానికి అప్పగించడం వేరు. డాక్టరు ఊళ్లోకి వచ్చినా రోగి ఏ ఇంట్లో ఉన్నాడో చెప్పేవాళ్లు లేకపోతే ఏం ఉపయోగం? ఆ చిరునామా చెప్పేది క్రిటికల్‌డివైస్‌డేటాబేస్.

రెండో ప్రయోగం: ఆ జాబితాలో ఒక కీ చేర్చాను. పేరు ఇలా ఉంటుంది: పీసీఐ, తర్వాత హాష్ గుర్తు, వెన్ 8086, దేవ్ 2829, సీసీ 0106, మధ్యలో యాంపర్‌సాండ్‌లు. మామూలుగా పరికరం పేరులో వెనుకకు వాలిన గీత ఉండే చోట ఇక్కడ హాష్ రాయాలి, ఎందుకంటే రిజిస్ట్రీలో ఆ గీత కీలను విడదీసే గుర్తు. కీ లోపల రెండు విలువలు: సర్వీస్ అంటే ఐఏస్టోర్, క్లాస్‌జీయూఐడీ అంటే ఎస్‌సీఎస్ఐ కంట్రోలర్ల తరగతిది. ఆ తరగతి సంఖ్య మొదటి భాగం 4డి36ఈ97బి. ఐడీఈ కంట్రోలర్ల తరగతిది 4డి36ఈ96ఎ. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి కాబట్టి రాసేటప్పుడు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

నీలి గీత కదిలింది, ఆగలేదు. డెస్క్‌టాప్ వచ్చింది. వెనుక వరి చేల ఫోటో ఉన్న ప్రెస్సు వాల్‌పేపర్, పేజ్‌మేకర్ ఐకాన్, ప్రెస్సులో డీటీపీ చేసే అక్క చేసుకున్న ఫోల్డర్లు అన్నీ యథాతథం.

అనుమానం మిగలకూడదని మూడోది కూడా చేశాను. జాబితాలో కీ ఉంచి, సర్వీసు స్టార్ట్ విలువను 0 నుంచి 3కు మార్చాను. మళ్లీ 7బి. చిరునామా తెలుసు, కానీ ఆ సమయానికి డ్రైవర్ మెమరీలో లేదు. రెండూ ఉండాలి, రెండూ సమయానికి ఉండాలి. ఏది లేకపోయినా తెర మీద కనిపించే సంఖ్యలు ఒకటే కావడం వల్లే ఈ సమస్య ఇంతమందిని తిప్పలు పెట్టింది.

శనివారం

అసలు పెట్టె. వర్చువల్‌బాక్స్‌లో పనిచేసిన ఫైళ్లను ఇక్కడ అలాగే పెడితే కుదరదు. 8.9 విడుదల నాటికి 6 సిరీస్ చిప్‌సెట్లు లేవు, దాని జాబితాలో 1సి02 లేదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ అని పేరు మారాక వచ్చిన విడుదలల్లో ఈ తరానికి మద్దతు వచ్చింది. ఎక్స్‌పీకి పనికొచ్చేవాటిలో 11.2 విడుదల ఎఫ్6 ఫైళ్లు తీసుకుని, టెక్స్ట్‌సెటప్.ఓఈఎంలో 1సి02, సీసీ 0106 ఉన్న పంక్తిని వెతికి చూసుకున్నాకే ముందుకు వెళ్లాను. ఇంకా కొత్త విడుదల అయితే ఇంకా మంచిదని అనుకోవడానికి లేదు. ఆ తర్వాతివి ఎక్స్‌పీని వదిలేశాయి.

ఎస్ఎస్‌డీ మీద కొత్తగా ప్రతి ఎక్కించి, ఐఏస్టోర్.సిస్ పెట్టి, 1సి02తో రాసిన రిజిస్ట్రీ ఫైలును హైవెక్స్‌తో కలిపాను. విభజన పాత పద్ధతిలో 63వ సెక్టార్ నుంచి మొదలవుతుంది. ఎస్ఎస్‌డీకి 2048 నుంచి మొదలైతే వేగం మెరుగు. కానీ దాన్ని జరిపితే బూట్ సెక్టార్ లోపలి అంకెలు కూడా మార్చాలి. పేజ్‌మేకర్‌కు ఆ వేగం అక్కర్లేదు. కదిలించలేదు.

మామయ్య, అక్క ఇద్దరూ పక్కనే నిలబడ్డారు. స్విచ్ వేశాను. నీలి గీత ఒకసారి, రెండుసార్లు, చాలాసార్లు. లాగిన్ తెర.

“వచ్చేసిందిరా!” అని మామయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

తర్వాత గంటసేపు కొత్త హార్డ్‌వేర్ దొరికిందన్న సందేశాలు. ఇక్కడ పీఎస్/2 కీబోర్డు విలువ తెలిసింది. యూఎస్‌బీ కంట్రోలర్లను విండోస్ ఇంకా గుర్తుపట్టే దశలోనే ఉంది కాబట్టి యూఎస్‌బీ మౌస్ కదలదు. ఆ సందేశాలకు సమాధానం చెప్పాలంటే పని చేసే కీబోర్డు ఒకటి ఉండాలి. చిప్‌సెట్ ఫైళ్లు, గ్రాఫిక్స్ వేశాక, ఐఏస్టోర్‌ను కూడా దాని ఐఎన్ఎఫ్ ద్వారా పద్ధతి ప్రకారం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. చేతితో రాసిన కీలు లేపడానికి సరిపోతాయి. కానీ కంట్రోలర్ డివైస్ మేనేజర్‌లో తన సొంత పేరుతో నమోదు కావడమే నాకు నిశ్చింత. పాత బోర్డు తాలూకు ఐడీఈ నమోదులు దాక్కుని ఉన్నాయి. వాటిని తొలగించలేదు. రేపు ఈ డిస్కును ఇంకో పాత బోర్డుకు తగిలించాల్సి వస్తే అవే అక్కరకు వస్తాయి.

అదే రోజు, మధ్యాహ్నం

పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఫాంట్ల ప్యాకేజీ డాంగిల్ కనిపించడం లేదంది. ఇది డిస్కు గొడవ కాదు కాబట్టి త్వరగా తేలింది. బయోస్‌లో పారలల్ పోర్టు ఆపేసి ఉంది. ఆఫీసుల్లో వాడని పోర్టులను మూసేస్తారు. దాన్ని తెరిచి, చిరునామా 378, ఇంటరప్ట్ 7 ఇచ్చి, ఈసీపీ మోడ్ నుంచి మామూలు రెండు వైపుల మోడ్‌కు మార్చాను. డాంగిల్ దొరికింది.

అప్పుడు అక్క కుర్చీలో కూర్చుంది. ఒక పాత కవితా సంపుటి ఫైలు తెరిచి, ముందు చూసింది ముఖచిత్రం కాదు, మధ్యలో ఒక పేజీలో “లక్ష్మి” అన్న మాట. క్ష కింద మ వత్తు సరైన చోట ఉందా, గుడి అక్షరానికి అంటుకుందా అని తెరను 400 శాతానికి పెంచి చూసింది. తర్వాత “స్త్రీ”. తర్వాత పేజీల చివరి పంక్తులను తన దగ్గరున్న అచ్చు ప్రతితో ఒక్కొక్కటే పోల్చింది. ఎక్కడా పంక్తి జరగలేదు.

“అన్నీ సరిగ్గా ఉన్నాయి తమ్ముడూ. నా వేళ్లకు కూడా ఏ తేడా తెలియడం లేదు” అంది. చాలా ఏళ్లుగా అదే కీబోర్డు అమరికలో టైపు చేసిన వేళ్లవి. వాటికి తేడా తెలియకపోవడమే నాకు కావాల్సిన పరీక్ష.

ఆదివారం

చేయాల్సిన మిగతా పనులు చేశాను. నడుస్తున్న ఎస్ఎస్‌డీ మొత్తం ప్రతి తీసి రెండు వేర్వేరు హార్డ్ డిస్కులలో పెట్టాం, ఒకటి ప్రెస్సులో, ఒకటి మామయ్య ఇంట్లో. దాంతో పాటే ఒక ఫోల్డరులో రెండు విడుదలల ఐఏస్టోర్ ఫైళ్లు, నేను రాసిన రిజిస్ట్రీ ఫైళ్లు, ఎల్ఎస్‌పీసీఐ చూపిన పంక్తి, బయోస్ అమరికల ఫోటోలు. ఈ పెట్టె పోయినా ఇంకో బోర్డు తెచ్చి, దాని గుర్తింపు సంఖ్య చూసి, ఆ ఒక్క పంక్తి మార్చి మళ్లీ లేపవచ్చు. ఎలా చేయాలో తెలుగులో రాసి, ప్రింటు తీసి పెట్టె లోపలి మూతకు అంటించాను.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. కాబట్టి ఈ యంత్రానికి ఇంటర్నెట్ ఉండదు. నెట్‌వర్క్ కార్డును బయోస్‌లోనే ఆపేశాను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తోనే వస్తాయి, పోతాయి. ఆటోరన్‌ను పూర్తిగా ఆపాను, ఎందుకంటే ప్రెస్సులకు వచ్చే పెన్‌డ్రైవ్‌లు ఊరంతా తిరిగి వస్తాయి.

సాయంత్రానికి అక్క ఆ కవితా సంపుటిని పోస్ట్‌స్క్రిప్ట్‌గా రాసి, అక్కడి నుంచి పీడీఎఫ్ చేసింది. ఫాంట్లు లోపలే పొదిగి ఉన్నాయి కాబట్టి ఇక అది ఏ కంప్యూటర్‌లోనైనా అచ్చు పేజీలాగే కనిపిస్తుంది. యూనికోడ్ మార్పిడిలో వచ్చే తప్పులను ఈ పీడీఎఫ్ పక్కన పెట్టుకుని దిద్దుతాం. పాఠశాలల సంచికలు తర్వాత చూసుకోవచ్చని, అచ్చు ప్రతులు మిగలని పుస్తకాల పట్టీ ముందు తయారు చేయమని మామయ్యను అడిగాను. ఆయన అప్పటికే పాత బిల్లు పుస్తకాలు బయటికి తీసి, రచయితల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు.